సిమెంటు స్టూలు మీద ఆరు ఓట్లు

ఈ మధ్యాహ్నం వన్-నార్త్‌లో మా ఆఫీసు పక్కనున్న హాకర్ సెంటర్లో, అంటే తిండి అంగళ్ల చావడిలో, భోజనం తెచ్చుకునేలోగా చోటు పోకుండా బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి వెళ్లాను. ఇక్కడ దాన్ని చోప్ చేయడం అంటారు. తిరిగొచ్చి ప్యాకెట్టు చించితే గులాబీ వాసన. ఆ వాసనకు ఇప్పటికీ నాలో పాత బుద్ధి ఒకటి లేస్తుంది. దాని పేరు నాకు బాగా తెలుసు, కుళ్లు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. చోవా చూ కాంగ్‌లో మా బ్లాకులో కంప్యూటర్ల పని మీద వచ్చిన తెలుగు కుటుంబాలు చాలానే ఉండేవి. నాన్నలు ఏ ఇద్దరు కలిసినా వీసాలూ ప్రాజెక్టులూ మాట్లాడుకునేవాళ్లు. అమ్మలు ఆదివారం లిటిల్ ఇండియాకు వెళ్లి కరివేపాకూ గోంగూరా మోసుకొచ్చేవాళ్లు. ఉగాది పూట ప్లాస్టిక్ గ్లాసుల్లో పచ్చడి ఇంటింటికీ తిరిగి, లిఫ్టులో కూడా బెల్లమూ మామిడికాయా వాసన వేసేది. వాన వెలిసిన సాయంత్రాల్లో తడి సిమెంటు చల్లదనానికి చెప్పులు విప్పేసి, ఫ్లాట్ల కింద స్తంభాల మధ్య ఖాళీలో పదిమంది పిల్లలం ఏడు పెంకులాట ఆడేవాళ్లం. ఎవరింట్లోనో బాత్రూం బాగుచేయగా మిగిలిన టైలు ముక్కలే మా పెంకులు.

ఎవరు అవుటో, ఎవరు తొండి చేశారో తేల్చేది నేను. అందరిలోకీ పెద్దదాన్ని కాబట్టి నేను ఒక మాట అంటే అంతే. ఆ గొప్పతోనే నాకు అన్నం సహించేది.

అలాంటప్పుడు లావణ్య టెక్సాస్ నుంచి దిగింది. నా ఈడుదే. పెట్టెలో ఒక అట్ట తెచ్చుకుంది. ఎరుపూ నీలం రంగుల్లో ఎవరిదో పేరు, దాని కింద జడ్జి పదవికి అని. వాళ్ల ఊళ్లో మేయరునే కాదు, జడ్జిని కూడా జనమే ఓట్లేసి ఎన్నుకుంటారట, ఆ రోజుల్లో ఇళ్ల ముందు గడ్డిలో ఇలాంటి అట్టలు గుచ్చుతారట. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. మా అమ్మ కూడా ఆ పిల్ల మాటతీరుకు పడిపోయింది.

“ఎంత మర్యాదగా మాట్లాడుద్దే ఆ పిల్ల, కాస్త చూసి నేర్చుకోవే,” అంది నాకు జడ వేస్తూ. ఆ రోజు నుంచి లావణ్య నవ్వినా, తుమ్మినా నాకు ఒళ్లు మండేది.

మనమూ ఎన్నికలు పెడదామన్నారు పిల్లలు. మేయరు ఇట్టే తేలిపోయాడు, బ్యాడ్మింటన్ రాకెట్లున్నది కార్తీక్ ఒక్కడికే. జడ్జికి మాత్రం పోటీ, నేనూ లావణ్యా. ఇన్నాళ్లూ నాదైన పదవికి నేను పోటీపడటమేమిటని లోలోపల ఉడికిపోయాను.

ఓటు వేసే పద్ధతి అచ్చం ఈ ఊరిదే. చదరంగం గళ్ల బల్లకు అటొక సిమెంటు స్టూలు, ఇటొక సిమెంటు స్టూలు. ఒకటి నాది, ఒకటి ఆమెది. మిగతావాళ్లు గోడ వైపు తిరిగి ఉంటే, ఒక్కొక్కరే వెళ్లి నచ్చినవాళ్ల స్టూలు మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి రావాలి. కాపలా పెట్టాలని ఎవరికీ తోచలేదు, ఒకరు పెట్టిన ప్యాకెట్టును ఇక్కడ ఇంకొకరు ముట్టరు మరి. మొదటి ఓటు నేను వేశాను. అందరూ వేశాక మంచినీళ్లకని కార్తీక్ వాళ్లింటికి పరిగెత్తారు. చెప్పులు వెతుక్కునే సాకుతో నేను వెనకబడ్డాను.

ఆమె స్టూలు మీద ఆరు. నా స్టూలు మీద ఐదు. ఆ ఐదింట్లో ఒకటి నేను పెట్టుకున్నదే. ఇంకొకటి గులాబీలు అచ్చేసిన, గులాబీ వాసన వేసే అమెరికా ప్యాకెట్టు, అలాంటిది లావణ్య దగ్గర తప్ప మా బ్లాకులో ఎవరి దగ్గరా లేదు. తన ఓటు నాకే వేసింది. సిగ్గుపడాల్సింది, పడలేదు. మంచితనంలో కూడా నన్ను మించాలా అని ఇంకా మండింది. ఆమె స్టూలు మీది ప్యాకెట్టు ఒకటి తీసి నా స్టూలు మీద పెట్టాను.

లెక్కలో నాకు ఆరు, ఆమెకు ఐదు. మా చెల్లి ఒప్పుకోలేదు, ఈ ఊరి ఇంగ్లీషు యాసలో “నాట్ పాసిబుల్ లా, అందరూ లావణ్యక్కకే అన్నారు,” అంది. నా సొంత చెల్లెలు.

“ప్యాకెట్లు ఎవరూ ముట్టుకోరు కదా. తనే జడ్జి,” అని లావణ్యే ఆపి, ఇంట్లోంచి ఆ అట్ట తెచ్చి నా చేతికిచ్చింది. దాన్ని మంచం కింద బోర్లా పడేశాను. జడ్జిగా నేను చెప్పిన తీర్పు ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు. ఏడాది తిరక్కుండానే వాళ్లు టెక్సాస్ వెళ్లిపోయారు.

మొన్న ఆ బ్లాకు కిందగా నడిచాను. బల్ల లేదు, స్టూళ్లు లేవు, ఆ చోట సైకిళ్లు నిలిపే కమ్మీలున్నాయి. కాసేపు నిలబడ్డాను, ఒక్క పిల్లా కిందికి దిగలేదు. టైలు ముక్కలతో ఆడుకోవచ్చని చెప్పేవాళ్లు కూడా ఉండి ఉండరు.

నిన్న లావణ్య మెసేజ్ పెట్టింది. వాళ్ల ఊళ్లో జడ్జి పదవికి నిలబడిందట. ఫొటోలో ఇంటి ముందు గడ్డిలో ఎరుపూ నీలం అట్ట, ఈసారి దాని మీద ఆమె పేరే. ‘నాకు తెలిసిన మొదటి జడ్జివి నువ్వేగా, నా గురించి రెండు ముక్కలు రాసివ్వవా’ అని అడిగింది. రాత్రంతా ఆ ఫొటో చూసి కుళ్లుకున్నాను.

గులాబీ వాసన తగిలాక, అన్నం చల్లారుతుండగానే రాసి పంపేశాను: ‘ఆ రోజు నీకు ఆరు, నాకు ఐదు. ఒకటి నేను మార్చాను.’

సాయంత్రం ట్రైన్లో ఉండగా జవాబొచ్చింది. ‘తెలుసు. ఆఖరి ఓటు నాదే, వేసేటప్పుడు లెక్కపెట్టాను. ఆ రెండు ముక్కలు ఇంకా రాయలేదు నువ్వు.’

చదివి ఫోను బోర్లా పెట్టాను. ఇన్నేళ్లయినా మళ్లీ ఆమెదే పైచేయి. అక్కడ నాకు ఓటుంటే ఆమెకే వేసేదాన్ని. కుళ్లుకుంటూనే వేసేదాన్ని.