దెయ్యపు బంగళాలో చిట్టెమ్మ

చిట్టెమ్మ కంటికి దొరకని వస్తువు లేదని వాళ్ల ఊళ్లో అనుకునేవారు. అరకు నుంచి గంటసేపు కొండదారిలో నడిస్తే వచ్చే ముప్పై గడపల ఊరు అది. ఎవరి మేక తప్పిపోయినా, ఎవరి ముక్కుపుల్ల చోళ్ల గింజల కుప్పలో జారిపోయినా ముందు ఆమెకే కబురు వెళ్లేది. చిన్నప్పటి నుంచి దుంపలకీ పుట్టగొడుగులకీ అడ్డాకులకీ అడవంతా తిరిగిన కళ్లు. ఎండుటాకు కింద ఎండుటాకు రంగులోనే నక్కి ఉన్నదాన్ని కూడా ఇట్టే పట్టేసేవి. దీనివల్ల ఇబ్బంది పడ్డవాడు ఒక్కడే, ఆమె మొగుడు ధర్మ. జీలుగు కల్లు నింపిన ఆనపకాయ బుర్రని అతను పదకొండు చోట్ల దాచి చూశాడు. పదకొండు సార్లూ దొరికిపోయాడు. చివరికి విసుగొచ్చి ఆమె ఎదురుగానే కూర్చుని తాగడం మొదలుపెట్టాడు. దాంతో ఇంట్లో గొడవలు సగం తగ్గాయి.

2007లో అరకు బస్టాండు దగ్గర, ఎరువుల కొట్టు మేడ మీద ఒక కంప్యూటర్ సెంటర్ తెరిచారు. చిట్టెమ్మకి అక్కడ ఊడ్చి, మంచినీళ్లు పట్టే పని దొరికింది. అప్పటికి ఆమెకి యాభై దాటాయి. పాఠాలు చెప్పేవాడు సన్యాసిరావు, చోడవరం వైపు నుంచి వచ్చిన కుర్రాడు. మనిషి ఆరడుగులు ఉంటాడు కానీ, మెట్ల మీద పిల్లి ఎదురైనా గోడకి అతుక్కుపోతాడు. అలాంటివాడికి దెయ్యాల ఆటలంటే పిచ్చి. విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా ఒక సీడీ కొనుక్కొచ్చేవాడు.

ఆ ఏడాది వానాకాలంలో తెచ్చిన సీడీలో ఒక పాత బంగళా ఉంది. గదినిండా చిందరవందరగా సామాను ఉంటుంది. కింద ఇంగ్లీషులో ఓ పది పేర్లు వస్తాయి. ఆ వస్తువులన్నీ వెతికి ఒక్కొక్కదాని మీదా మౌసుతో నొక్కాలి. నొక్కగానే అది మాయమవుతుంది. పదీ దొరికితే అద్దంలోంచి తెల్లచీరలాంటి గౌను వేసుకున్న దెయ్యం వచ్చి కీచుమని అరుస్తుంది, తర్వాతి గది తలుపు తెరుచుకుంటుంది. మధ్యాహ్నం పిల్లలు అన్నానికి వెళ్లిన గంటలో సన్యాసిరావు ఈ ఆట ఆడేవాడు. మొదటి గదిలోనే నాలుగు రోజులు తిరిగాడు.

అయిదో రోజు చిట్టెమ్మ అతని కుర్చీ వెనక ఊడుస్తోంది. దువ్వెన, దువ్వెన అని అతను గొణుక్కోవడం విని తలెత్తి చూసింది.

"కుర్సీ కోడుకి ఆనించీసున్నాది, సూడు" అంది.

నిజమే. దువ్వెన పళ్లు తెర మీది కుర్చీ కాలి చెక్కడంలో కలిసిపోయి ఉన్నాయి. అతను కత్తెర అడిగాడు, చూపించింది. తాళంచెవి, గుడ్లగూబ, విరిగిన గాజు అన్నీ చీపురు కింద పెట్టకుండానే చూపించింది. పదోది నొక్కగానే దెయ్యం వచ్చి అరిచింది. సన్యాసిరావు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. చిట్టెమ్మ అతన్ని లేపి కూర్చోబెట్టి, దెయ్యం వైపు కాసేపు పరీక్షగా చూసింది. ఆ తలకి నూనె రాసి ఎన్నాళ్లయిందోనని జాలిపడింది. ఇల్లు అలా ఉంచుకుంటే ఎవరికైనా ఒంట్లో బాగుండదని కూడా అంది.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ఆమెకి కుర్చీ పడింది. సన్యాసిరావు పేరు చదివి తెలుగులో చెబుతాడు, ఆమె వేలుతో చూపిస్తుంది, అతను నొక్కుతాడు. వారంలో ఏడు గదులు దాటారు. అన్నం డబ్బాలు అక్కడే విప్పుకుని పిల్లలు కూడా వెనక నిలబడడం మొదలుపెట్టారు. దెయ్యం వచ్చే వేళకి అందరూ చెవులు మూసుకునేవారు. సన్యాసిరావు మాత్రం కళ్లు కూడా మూసుకునేవాడు.

ఎనిమిదో గది పిల్లలు ఆడుకునే గది. అక్కడ బండి ఆగిపోయింది. తొమ్మిది వస్తువులు దొరికాయి, విల్లు దొరకలేదు. చిట్టెమ్మ తెరంతా ఒక్కసారి చూసి ఆ గదిలో విల్లు లేదని తేల్చేసింది. సన్యాసిరావు ఒప్పుకోలేదు. డిక్షనరీ తెరిచి మరీ చూపించాడు. తాతల నాటి నుంచి విల్లు పట్టిన ఇంట్లో పుట్టినదానికి విల్లు తెలియదా అని ఆమెకి ఒళ్లు మండింది. రెండు రోజులు ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. అతను బీరువా కాళ్లూ కిటికీ ఊచలూ అన్నీ నొక్కి చూశాడు. తప్పు నొక్కినప్పుడల్లా గోడ గడియారం ఠంగుమని మోగేది, అతను ఉలిక్కిపడేవాడు.

మూడో రోజు సోని అనే ఇంటర్ పిల్ల ముందుకు వచ్చి పేరు చదివింది. రిబ్బన్ని పువ్వులా కట్టే ముడిని కూడా ఇంగ్లీషులో ఇదే ‘బో’ అనే మాటతో పిలుస్తారని, తమ హాస్టల్ టీచరు అలాగే అంటుందని చెప్పింది. తన జడకి కట్టిన ముడిని తిప్పి చూపించింది కూడా.

"అదా," అంది చిట్టెమ్మ. "బొమ్మ నెత్తిమీదున్నాది. మొదటి రోజే సూసాను. నువ్వడగనేదు గదా."

సన్యాసిరావు బొమ్మ నెత్తిమీద నొక్కాడు. దెయ్యం అరిచింది, అతను బల్లకిందికి దూరాడు.

అసలు చిక్కు పదిహేనో గదిలో వచ్చింది. నగల పెట్టె, వెండి గిన్నె దొరికాక చిట్టెమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

"ఇన్నాళ్లూ తీసినవన్నీ ఎక్కడెట్టినావు, మాస్టారూ?"

ఎక్కడా పెట్టలేదని, మాయమైపోతాయని అతను చెప్పాడు. అవి మళ్లీ ఆ దెయ్యానికి ఇవ్వరా అని చిట్టెమ్మ అడిగింది. ఇవ్వరన్నాడు. చిట్టెమ్మ ముఖం మాడిపోయింది. ఊరందరూ పోగొట్టుకున్న వస్తువులు వెతికిపెట్టిన మనిషి. దొరికినది ఏనాడూ తన దగ్గర ఉంచుకోలేదు.

"మరైతే దొంగలం మనం. దువ్వెనతో సహా అట్టుకుపోతే ఆయమ్మ అరవదేటి?"

ఇది ఉత్త ఆట అని, లోపల మనిషి లేదని అతను నచ్చజెప్పబోయాడు. అయితే నువ్వెందుకు బల్లకింద దూరుతున్నావని సోని అడిగింది. దెయ్యాన్ని మంచి చేసుకునేదాకా తాను తెర వంక చూడనని చెప్పి చిట్టెమ్మ చీపురు తీసుకుని వెళ్లిపోయింది. సన్యాసిరావు ఒక్కడే ఆడాడు. మూడు రోజుల్లో దొరికింది ఒక చెంచా.

నాలుగో రోజు అతనే మెత్తబడ్డాడు. శుక్రవారం సంతలో చిట్టెమ్మ నాటుకోడి గుడ్డు, పసుపు, ఊదొత్తులు కొనిపించింది. మధ్యాహ్నం కంప్యూటరు ముందు అడ్డాకు పరిచి, పసుపు బియ్యం పోసి, పైన గుడ్డు నిలబెట్టింది. తెలిసో తెలియకో నీ ఇంట్లో చేయి పెట్టామని, నువ్వూ ఏదో పోగొట్టుకునే ఇలా తిరుగుతున్నావేమో, అది దొరికేదాకా తోడుంటామని, కోపం తగ్గించుకోమని తన కొండభాషలో చెప్పింది. ఆరడుగుల సన్యాసిరావు చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. ఊదొత్తి పొగకి పిల్లలు తుమ్మారు. ఆఖరున బియ్యం గింజలు కంప్యూటరు చుట్టూ చల్లడానికి చిట్టెమ్మ బల్ల వెనక్కి కూడా వెళ్లొచ్చింది.

తర్వాత కూర్చుని పదిహేనో గది పూర్తి చేశారు. అద్దంలోంచి దెయ్యం వచ్చింది. నోరు తెరిచింది. కిక్కురుమనలేదు. చప్పుడు లేకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

చిట్టెమ్మ తల ఊపి, కోపం తగ్గిందని చెప్పి గిన్నెలు కడగడానికి వెళ్లింది. పిల్లలు వెళ్లాక సన్యాసిరావు బల్ల వెనక వంగి చూశాడు. స్పీకరు వైరు ఊడి నేల మీద పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, తిరిగి పెట్టబోయి ఆగాడు. తర్వాత చుట్టచుట్టి సొరుగులో పెట్టేశాడు.

అక్కడి నుంచి ఆట సాఫీగా సాగింది. అతను మళ్లీ కుర్చీలోంచి పడలేదు. దసరా సెలవుల ముందు ఆఖరి గదిలో, మసిబట్టిన పొయ్యి రాళ్ల మధ్య నుంచి చిట్టెమ్మ ఒక బంగారు గొలుసు చూపించింది. దెయ్యం అది మెడలో వేసుకుని నవ్వింది, మంచులా విడిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చిట్టెమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దాని కోసమేనా ఇంత గోల, ముందే చెబితే మొదటి రోజే వెతికిపెడుదును కదా అంది.

సెలవుల తర్వాత సన్యాసిరావు కొత్త సీడీ తెచ్చాడు. ఎర్రకారు ఒకటి రోడ్డు మీద దూసుకుపోతూ మలుపులు తిరుగుతుంటుంది. చిట్టెమ్మ పక్కన కూర్చుని అయిదు నిమిషాలు ఓపిగ్గా చూసింది.

"ఆ బాబుది ఏటి పోయినాదో," అంది, "అంత జోరుగా పోతే ఎలా కనిపిస్తాది? మెల్లగా పోమను."