చొక్కా మీద వాలినవి

చేతులకు తొడుగులు వేసుకోమంటే మా తోటికోడలు సీతారావమ్మకు ఒళ్లు మండేది. అచ్చంపేట చుట్టుపక్కల మిరప చేలల్లో ఎర బుట్టలు కట్టడం ఆమె పని. చిన్న రబ్బరు బిళ్లకు ఆడ పురుగు వాసన పట్టించి బుట్టలో పెడతారు. ఆడది పిలుస్తోందనుకుని మగ రెక్కల పురుగులు వచ్చి, కింద సంచిలో పడి చస్తాయి. మనిషి ముక్కుకు ఆ వాసన తెలియదు. ఈవిడేమో బిళ్లలు ఉత్త చేతుల్తో పట్టుకుని, ఆ చేతులు చీర మీద తొడుక్కున్న చొక్కాకే తుడుచుకునేది. పొద్దుగూకేసరికి దండెం మీది చొక్కా నిండా పురుగులే.

"ఈ వయసులో నీ ఎనకమాల ఇంతమంది మగాళ్లేందక్కా" అని నేను ఏడిపిస్తే, "నీకు కుళ్లే" అనేది.

నిరుడు ఆమె ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. చుట్టూ ఎర్రబడి, ముట్టుకుంటే కాలిపోయేది. ఆసుపత్రికి పోదామంటే వింటేనా! "ఒంట్లో బలమంతా ఆడికి చేరి కొట్లాడతంది. అదే కరిగిచ్చుద్ది" అంటూ పసుపు పట్టించేది. మొండిఘటం. గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంది. చివరికి నోటికొచ్చినట్టు తిట్టి, చెయ్యి పట్టుకుని నరసరావుపేట లాక్కుపోయాను.

ముక్క తీసి పరీక్ష చేయించిన డాక్టరు ఫిలోమినాగారు క్యాన్సరేనని చెప్పారు. ముందు మందులెక్కించి, గడ్డ తగ్గాక కోసేస్తే బతికే అవకాశం ఉందట. ఆలస్యం చేస్తే లేదట. సీతారావమ్మ తల అడ్డంగా ఊపింది.

"కోస్తే లోపల కొట్లాడేవాళ్లు గూడా పోతారు గదమ్మా."

"వాళ్లు వచ్చిన మాట నిజమే," అన్నారు డాక్టరు. "కానీ వాళ్లను పిలిచింది ఆ గడ్డే. అది కొన్ని రసాయనాలు వదులుతుంది. ఆ జాడ పట్టుకుని రక్తంలోని కాపలా కణాలు అక్కడికి పోతాయి. కొన్ని పోరాడతాయి. చాలావాటిని గడ్డ తనవైపు తిప్పుకుంటుంది. ఇక అవే దానికి కొత్త రక్తనాళాలు మొలిపిస్తాయి, పోరాడేవాటిని అడ్డుకుంటాయి."

సీతారావమ్మ తన అరచెయ్యి వాసన చూసుకుంది. "పిలిచిందెవురో వచ్చినోళ్లకు తెలవదా?"

"తెలియదమ్మా."

ఆ సాయంత్రం ఆమె దండెం మీది చొక్కా తీసి తొడుక్కుని పెరట్లో కూర్చుంది. వెలుగు పోతుండగా పురుగులు ఒక్కొక్కటే వచ్చాయి. చెయ్యి తుడుచుకునే చోటే, ఎడమ రొమ్ము మీదే గుంపుగా వాలాయి. రెక్కల అదురు తప్ప చప్పుడు లేదు. ఆమె దులుపుకోలేదు.

"మిమ్మల్ని ఎవురూ పిలవలేదయ్యా. పోండి," అంది మెల్లగా. అవి కదల్లేదు. కాసేపటికి నావైపు తిరిగి, "రేపు పోదాం. మందులెక్కిచ్చుకుంటా," అంది.

మందులయ్యాయి, కోత అయింది. బుట్టల పని మానేసింది. ఆ చొక్కాను నేనే పొయ్యిలో పెట్టాను. మళ్లీ ఒక్క బిళ్ల మా గడప తొక్కలేదు. అయినా రోజూ మునిమాపువేళ వాకిట్లో లైటు ఆర్పించి, ఉతికిన చీరలో చేతులు చాపి నిలబడుతుంది. వెనకా ముందూ నన్ను చూడమంటుంది.

"వచ్చినయ్యా?"

"లేదక్కా."

అప్పుడుగానీ అన్నం ముట్టదు. డాక్టరుగారి స్కానింగుల కంటే ఆమెకు ఇదే నమ్మకం. ఇదేం పిచ్చని విసుక్కుంటాను గానీ, చూడటం మాత్రం ఏ రోజూ మానలేదు. వచ్చే వారం మళ్లీ స్కానింగు ఉంది. నాకు భయంగానే ఉంది.

నిన్న ఆమె వీపు మీద, కుడి భుజం కింద ఒకటి వాలి ఉంది. గోధుమరంగుది. రెక్కలు అదురుతున్నాయి. చప్పున గుప్పిట్లో మూసేశాను.

"వచ్చినయ్యా?"

"లేదక్కా. పద, అన్నం చల్లారిపోద్ది."

ఆ పూట ఆమె కూర మారు వడ్డించుకుని తింది. నేను కుడి చెయ్యి విప్పలేక, ఆకలి లేదన్నాను.