తూదా అక్క తిట్లు, అమ్లాల్ ఊపిరి

మా తూదా అక్కకి కోపం ముక్కు మీదే ఉంటుంది. రొట్టె మాడితే పొయ్యిని తిడుతుంది, మందల వెంట కొండల్లో తిరిగేవాళ్ళం కదా, వాన కురిస్తే గుడారాన్ని తిడుతుంది. కానీ ఆ వసంతంలో ఆవిడ తిట్టిన తిట్లలో ఒక్కటీ అన్యాయం కాదని ఇప్పటికీ అంటాను.

అన్నిటికీ కారణం ఆవిడ మొగుడు, మా మీమూన్ బావ. మంద కాసే కుక్క అమ్లాల్ మంచువానలో తడిసి రెండుసార్లు దగ్గింది. అంతే! ఈ మహానుభావుడు గొర్రెలకి మందు పట్టినట్టే దాని మెడ పైకెత్తి, నాలుక లాగిపట్టి, గొంతులో అర సీసా ఆలివ్ నూనె గుమ్మరించాడు. అది పొట్టలోకి పోతే బాగుండు, ఊపిరితిత్తుల్లోకి పోయింది. మర్నాటికి కుక్క ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి తీస్తే గురగురమని చప్పుడు.

"నువ్వే చంపుతున్నావు దాన్ని!" అంది అక్క.

"నూరు గొర్రెలకి పోశానే. ఒక్కటైనా చచ్చిందా?"

"చావబోయినవాటిని కోసుకు తిన్నావుగా, నీకెందుకు గుర్తుంటాయి!"

అక్క దాన్ని కంచరగాడిద మీద వేసుకుని సంత ఊళ్ళో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నిమ్ము అన్నాడు. సూది పొడిచి, మిగతా మందులు చేతిలో పెట్టాడు. "ఒకే పక్క పడుకోనివ్వకు. ఆవిరి పట్టు. అరచెయ్యి దొప్పలా చేసి డొక్కల మీద తట్టు, కఫం కదులుతుంది. బలవంతంగా నోట్లో చుక్క కూడా పొయ్యకు," అన్నాడు.

మంద పైకొండల మేతకి కదలడానికి పదిరోజులే ఉంది. "ఆలోగా లేస్తే సరే. లేకపోతే వాగులో పడేసి పోతాం," అన్నాడు బావ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు తోడేళ్ళ నోటినుంచి ఆయన గొర్రెల్ని కాపాడిన కుక్క అది!

అక్క దాన్ని గుడారంలోకి తెచ్చి తన కంబళి మీద పడుకోబెట్టింది.

"కుక్క పడుకున్నచోట నమాజు ఎలా చేసుకోనే?"

"కొండంత చోటుంది బయట. పోయి చేసుకో. చేసిన పాపం కూడా చెప్పుకో."

రొట్టెలు తట్టే చేతులవి. రొట్టెలవగానే కుక్క డొక్కలు తట్టేది, ఒక్కో దెబ్బకి బావకి ఒక్కో తిట్టు. నేను నీళ్ళు మరిగించి దుప్పటి కప్పి ఆవిరి పట్టేదాన్ని. ఆరోరోజు అమ్లాల్ ఒళ్ళంతా కుదిపేసేలా దగ్గి ఇంత జిగురు కక్కింది. అక్క దాన్ని గుడ్డతో తీసి బావ ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడు నీ వైద్యం!"

బయల్దేరే రోజు పొద్దున గుడారాలు విప్పుతుంటే అమ్లాల్ లేచింది. తూలుతూ నాలుగడుగులు వేసింది, రొట్టెముక్క తింది, భౌమంది. అందరూ మూగారు. బావ సిగ్గులేకుండా నూనె సీసా ఎత్తి చూపించాడు. "చూశారా? ఆలస్యమైనా నా నూనె పనిచేసింది!"

సీసా కంటపడగానే అమ్లాల్ తోక ముడిచి, పాక్కుంటూ అక్క వెనక్కి పోయి వణికింది. తోడేలుకి ఎదురు నిలిచిన కుక్క! ఒక్కరూ నవ్వలేదు.

"అమ్లాల్, రారా," అన్నాడు బావ. అది రాలేదు. ఆయన చేతిలోని సీసాని రాయికేసి కొట్టాడు. కంచరగాడిద మీదున్న తన మూట దించి భుజాన వేసుకుని, "దాన్ని ఎక్కించు," అన్నాడు.

పదిరోజుల్లో ఒక్క కన్నీటిచుక్క రాల్చని అక్క అప్పుడు భోరుమంది. ఏడుస్తూనే తిట్టింది. "నీ చేతులు పడిపోను! మంచి నూనె నేలపాలు చేశావు కదయ్యా!"