అర్విద్ బావ లోడు పరీక్ష

మా బావ అర్విద్ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు, కరెంటు ప్యానెల్‌ను పలకరిస్తాడు. బూట్లు విప్పి, నేరుగా బేస్‌మెంటులోకి దిగి, దాని తలుపు తీసి స్విచ్చులన్నీ చూసి, పైకొచ్చాక గానీ "ఎలా ఉన్నారు?" అనడు. బూట్లు విప్పుతాడు కాబట్టి మర్యాదస్తుడే అనుకోవాలి.

ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాడు గానీ నోరు రిటైరవలేదు. అమెరికా ఉత్తరాన చలి ఊరైన మా డులూత్‌లో జనం గ్యాసు తీసేయించి ఇల్లంతా కరెంటుకు మార్చుకోవడం మొదలయ్యాక ఆయనకు చేతినిండా పని దొరికింది. కాంట్రాక్టర్లందరూ ఎంత కరెంటు వాడినా తట్టుకునేలా రెండొందల ఆంపుల ప్యానెల్ పెట్టించుకోమంటే, ఈయన ఇంటింటికీ తిరిగి "నూరు చాలు" అనేవాడు. నేనూ దొరికిపోయాను.

"పొయ్యి, వేణ్నీళ్లు, ఇల్లు వెచ్చబెట్టే హీటు పంపు, కారు, అన్నీ కరెంటే కదా బావా. నూరెలా చాలుతుంది?"

"అన్నీ ఒకేసారి వాడతావా?"

"వాడొచ్చు."

"అంటే చేపలు వేయిస్తూ, స్నానం చేస్తూ, ప్యాంట్లు ఆరబెట్టుకుంటూ, అదే నిమిషంలో కారుకు మేత పెడతావన్నమాట. ఎన్ని చేతులురా నీకు?"

మా అక్క ఇర్మా కాఫీ పోస్తూ, "మా పెళ్లిలో బ్యాండువాళ్లనీ అడిగాడురా, మీరంతా ఒకేసారి వాయిస్తారా అని," అంది.

నేను నూరే పెట్టించుకున్నాను. కారుకు రాత్రిపూట మేత పెడుతున్నాను. లోడు ఎక్కువై ఇంతవరకు ఒక్క స్విచ్చూ పడలేదు. ఆ సంగతి ఆయన ముందు ఒప్పుకోవడమే ప్రాణం మీదికి వస్తోంది.

పోయిన శీతాకాలం మా వీధి చివరి చిన్న ఇంట్లోకి వెర్నా గారని ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాక ఒక్కతే. మా వీధివాళ్లు చెడ్డవాళ్లు కారు గానీ, మంచు కురిసిందంటే కిటికీలోంచి చెయ్యి ఊపడమే తప్ప ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. పాపం, ఆవిడ అది గర్వమనుకుంది. వసంతం రాగానే ఇల్లు అమ్మేసి వెళ్లిపోతానని మా అక్కతో చెప్పింది. ఈలోగా గ్యాసు హీటరు చచ్చింది. అంతా కరెంటుకు మార్చాల్సి వచ్చింది.

నన్నూ వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికెళ్లిన బావ బేస్‌మెంటులోంచి పైకొచ్చి, "రెండొందలు," అన్నాడు.

నేను చేతిలో కాఫీ ఒంటి మీద ఒలకబోసుకున్నాను.

"నాకెందుకండీ అంత? నా ఇంటికి ఎవరొస్తారు?" అంది వెర్నా గారు.

"కూలి నాకొద్దు. కానీ బిగించాక లోడు పరీక్ష చెయ్యాలి. తప్పదు."

ఆ శనివారం మధ్యాహ్నం వీధివీధంతా ఆవిడ ఇంట్లో దిగింది. ఫోన్లు చేసింది మా అక్క. ప్రతి ఇంటి నుంచీ కరెంటు మీద నెమ్మదిగా ఉడికే స్లో కుక్కర్ ఒకటి వచ్చింది, మీట్‌బాల్సనే మాంసపు ఉండలతో ఒకటి, బీన్సుతో ఒకటి, లోపల ఏముందో వండినవాళ్లకే తెలియనిది ఇంకొకటి. బావ ప్యానెల్ పక్కన కుర్చీ వేసుకుని కింది నుంచి ఆజ్ఞలు జారీ చేస్తున్నాడు.

"ఓవెను వెయ్యండి. బట్టల డ్రయ్యరు వెయ్యండి."

"డ్రయ్యర్లో ఏమీ లేదు బావా."

"అందరి చేతి తొడుగులూ తడిసే ఉన్నాయిగా, పడెయ్యరా."

వంటింట్లో నిలబడే చోటు లేదు. ఒకరు వెర్నా గారి ప్లేటు నింపుతున్నారు, ఇంకొకరు ఆవిడకు పేకాట వచ్చో రాదో కనుక్కుంటున్నారు. స్విచ్చు ఒక్కటీ పడలేదు.

చీకటి పడుతుండగా బావా నేనూ ఉన్న బేస్‌మెంటులోకి ఆవిడ ప్లేటుతో సహా మెట్లు దిగింది.

"అర్విద్ గారూ, ఇలాంటి పరీక్ష నేనెక్కడా చూడలేదు."

బావ చెవులు ఎర్రబడ్డాయి. "ఇక్కడ చలి ఎక్కువండీ," అన్నాడు.

"ఇంతకీ ప్యానెల్ పాసైనట్టేనా?"

ఏ ప్యానెల్ గురించైనా తడుముకోకుండా తీర్పు చెప్పే మనిషి గోడకేసి చూశాడు. "ఒక్కసారికి చెప్పలేం. నెలనెలా చెయ్యాలి."

నాకు ఆ ముసలాయన మీద చచ్చేంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"వసంతంలో కూడానా?" అంది వెర్నా గారు.

"అప్పుడు మరీ ముఖ్యం."

"అయితే ఇల్లు అమ్మడం కుదరదన్నమాట," అని ఆవిడ నిట్టూర్చి, ఇంకో రెండు మీట్‌బాల్సు పట్టుకురమ్మని నా చేతికి ప్లేటిచ్చింది.