ఎండిన చెరువులో మారెక్క పరుగు

మొన్న మా పాపకు జ్వరమొస్తే గ్లూకోజు పొట్లం కత్తిరించాను. నిమ్మకాయ వాసన గుప్పున తగిలేసరికి చేయి ఆగలేదు, పాపకు కలపకముందే ఒక చెంచా నేనే నోట్లో వేసుకున్నాను. ఏం చేస్తాం, కొన్ని బుద్ధులు పోవు! గార్లదిన్నె పక్కన మా ఊరి హైస్కూల్లో ఏటా శ్రావణమాసంలో పరుగుపందెం రోజున డ్రిల్లు సారు మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి అరచేతిలో ఇంత గ్లూకోజు పొడి పోసేవాడు. ఆయన దాన్ని క్రాస్ కంట్రీ అనేవాడు, మేం మాత్రం చెరువు పందెం అనేవాళ్లం.

చెరువంటే నీళ్లుంటాయనుకునేరు. నేను పుట్టాక అందులో నీళ్లు చూసింది రెండే రెండుసార్లు. మిగతా ఏళ్లన్నీ నెర్రెలు విచ్చిన నల్లమట్టి, కంపచెట్లు, వాటి ముళ్ల మధ్య తిరిగే కౌజుపిట్టలు. ముందురోజు సారు మాతోనే సున్నం మోయించి బడి గేటు నుంచి చెరువు నడిమధ్యగా గుట్ట దాకా, గుట్టను చుట్టి వేరుశనగ చేల గట్టు మీదుగా మళ్లీ గేటు దాకా తెల్లటి గీత పోయించేవాడు. పొద్దున్నే సంగటి తిని, సున్నం ఘాటుకు తుమ్ముకుంటూ ఆ గీత మీద నిలబడేవాళ్లం.

తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునేది మారెక్క. వాళ్ల నాయన బీరన్నకు నలభై గొర్రెలు, సెలవు దొరికితే ఆమె వాటి వెంటే. ఆ ఏడు గెలిచిన అమ్మాయిని జిల్లా పందేనికి పంపుతామని, అక్కడా గెలిస్తే క్రీడల హాస్టల్లో ఉచితంగా చదువు చెబుతారని సారు ప్రకటించాడు. బీరన్న భుజాన కంబళితో బడికొచ్చి అందరి ముందూ తేల్చేశాడు.

"ఫస్టు వస్తే సదువుకోనీ సార్. ల్యాకుంటే సోమారం నుంచి గొర్ల ఎంబడి వస్తాది. అంతే!"

ఈ మనిషికి కూతురి కంటే గొర్రెలే ఎక్కువని నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. మారెక్క మాత్రం నవ్వేసింది. "నువ్వేటికి మే ఏడ్చేది? వస్తాలే ఫస్టు!"

విజిల్ పడగానే వట్టి కాళ్లతో కంపముళ్ల మీదనే దూసుకుపోయింది. గుట్ట చుట్టి తిరిగేటప్పటికి అందరికంటే ముందు ఆమె, చాలా వెనగ్గా రెండోదాన్ని నేను. అప్పుడు కనపడింది గట్టు కింద కాపరి లేని గొర్రెల మంద, వేరుశనగ చేలోకి దిగుతూ. ఆ ఏడు కురిసింది ఒక్క వాన. దానితోనే ఎలాగో బతికి, కాయ పట్టేందుకు మట్టిలోకి ఊడలు దిగుతున్న చేను అది. మారెక్క గీత వదిలేసి చేలోకి దూకింది.

"నీకేమన్నా పిచ్చా మే? పందెం పోతాది, రా!" అని అరిచాను.

"చేను పోతాది మే! నువ్వు పో!" అంది మట్టిగడ్డలు విసురుతూ.

పోయాను. అబద్ధమెందుకు, ఇక ఫస్టు నేనే కదా అని సంతోషపడ్డాను కూడా. సిగ్గు వేసింది ఆ తర్వాతే.

గేటు కనపడుతుండగా వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూసేలోపే పక్కకు వచ్చేసింది. మోకాళ్ల దాకా మట్టి, మడమ దగ్గర నెత్తురు, అయినా ఆయాసం లేదు. నేను గుండె పగిలేలా పరుగెత్తుతుంటే, "కాలు ఎత్తిపెట్టు మే!" అని నాకే చెప్పి దాటిపోయింది. అమ్మా, ఏం పరుగది! మనిషన్నవాళ్లు ఇట్లా కూడా పరుగెత్తగలరా అని ఆశ్చర్యంతో నా ఒళ్లంతా జలదరించింది. ఓడిపోతున్న బాధ కూడా తోచలేదు. ఆమె వెనక పరుగెత్తడమే అదృష్టమనిపించింది.

అడ్డం కట్టిన దారం తెంపి, చప్పట్లు కొట్టే జనంలో ఎవరినో చూసి మారెక్క ఆగిపోయింది. బీరన్న.

"నాయనా! గొర్లను ఎవురికి ఇడిసొచ్చినావు?"

"ఎవురికీ లేదు పాపా," అన్నాడాయన తల దించుకుని. "నువ్వు ఉరికేది సూసేకి వచ్చినా."

"నీ గొర్లే చెనిక్కాయ చేన్లో పడినాయి! తోలేకి నా పానం పోయింది!"

ఆయన నెత్తిన చేయి పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. సోమవారం మారెక్క బడికి వచ్చింది. జిల్లా పందెమూ గెలిచి హాస్టలుకు వెళ్లింది.

ఇప్పుడు కాలువ నీళ్లొచ్చి మా చెరువు నిండుగా ఉంది. మేం గీత పోసిన నేలంతా నీళ్ల కిందే. బడిపిల్లలు మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి ఇళ్లకు పోతున్నారు. ఊళ్లో గొర్రెల మంద ఒక్కటీ లేదు. రాయదుర్గం వైపు ఒక బడిలో డ్రిల్లు టీచరుగా ఉన్న మారెక్క, నిరుడు బీరన్న పోయినప్పుడు వచ్చింది. కర్మలయ్యాక ఇద్దరం చెరువుకట్ట మీద కూర్చున్నాం.

"బతికినన్ని దినాలు మా నాయన మందను ఇడిసిపోయింది ఆ ఒక్క పొద్దే మే," అంది మారెక్క.