పుస్తకంలో పేరు, నోట్లో పేరు

పుల్లలచెరువు మండలంలో అడవి అంచున ఉన్న ఒక చెంచుగూడెంలో మల్లేశ్వరమ్మ ముప్పై మూడేళ్ళుగా అంగన్‌వాడీ టీచరు. పుల్లలచెరువులో బస్సెక్కి దిగాక మూడు కిలోమీటర్లు నడిస్తే గానీ సెంటరు రాదు. ఎండాకాలంలో ట్యాంకరు రాని రోజున, పిల్లలకు అన్నం వండాలని ఆమే బిందె పట్టుకుని బోరింగు దగ్గర వరసలో నిలబడేది. గూడెంలో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ మొదట ఆమె చేతి మీదుగానే కాగితమెక్కింది. రాయడమే కాదు, చాలామందికి పేరు పెట్టింది కూడా ఆమే. "నువ్వు చదువుకున్నదానివి, మంచి పేరేదో నువ్వే రాయమ్మా" అని తల్లులు ఆమెకే వదిలేసేవాళ్ళు.

అందుకే కూతురు రేణుక పురిటికి వచ్చి మగబిడ్డను కన్నప్పుడు, పేరు సంగతి ఒక్క పూటలో తేలిపోతుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. పదహారు రోజులైనా తేలలేదు. ఇరవై ఒకటో రోజున బారసాల. అల్లుడు శివనాగరాజు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారం ఆదివారం వచ్చి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఫోనులో కొత్త పేర్ల పట్టిక చదివేవాడు. రేణుక మంచం మీద నుంచే ఒక్కో పేరునూ కొట్టేసేది.

"విహాన్ ఎట్లుంది?"

"మన వీధిలో ఇప్పటికే ఇద్దరున్నారు."

"రియాన్ష్?"

"పలకడానికి మా నాయనకు నోరు తిరగద్దూ?"

రేణుక నాయన ఆదిశేషు ఆ మాట విని, నన్నెందుకు మధ్యలోకి లాగుతారన్నట్టు చేతికర్ర తీసుకుని గొర్రెల దొడ్డివైపు వెళ్ళిపోయాడు. అల్లుడు కూడా ఫోను పక్కన పెట్టేశాడు. అప్పుడు రేణుక తల్లివైపు తిరిగింది.

"అమ్మా, నాకు కొత్త పేరు వద్దు, ముసలి పేరూ వద్దు. ఉయ్యాల్లో పిలిస్తే ముద్దుగా ఉండాల, అరవై ఏళ్ళకు పిలిచినా మర్యాదగా ఉండాల. పేరు వినంగానే వీడు ఫలానా సంవత్సరంలో పుట్టినాడని తెలిసిపోగూడదు. ఇంతమందికి పెట్టినావు గదా, నువ్వే ఆలోచించు."

మల్లేశ్వరమ్మ "చూద్దాంలేమ్మా" అంది గానీ, కూతురి ఆఖరి మాట ఆమె మనసులో ముల్లులా దిగింది. వినగానే పుట్టిన సంవత్సరం తెలిసిపోయే పేరు ఒకటి ఆమే స్వయంగా పెట్టింది.

అది తొంభై తొమ్మిది. అడవిలో తేనె, కుంకుళ్ళు ఏరి అమ్ముకునే తిరుపతయ్య పసిబిడ్డనెత్తుకుని సెంటరుకు వచ్చాడు. వెనకాలే అతని తండ్రి ఈదన్న కూడా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. పెద్దకొడుక్కి తండ్రి పేరే పెట్టుకుంటానని తిరుపతయ్య చెప్పాడు. అప్పటికి మల్లేశ్వరమ్మకు ముప్పై నాలుగేళ్ళు. గూడెం పిల్లలు బాగుపడాలన్న తపన బలంగా ఉండేది.

"ఈదన్న ఏంది తిరుపతయ్యా, ఈ కాలంలో? రేపు బళ్ళో పిల్లలు నవ్వరా?" అంది.

రేడియోలో, పేపర్లో అంతా యుద్ధం వార్తలే. ఆమె కలం తీసుకుని పెద్ద అక్షరాలతో కార్గిల్ కుమార్ అని రాసింది.

"అంటే ఏందమ్మా?" అన్నాడు తిరుపతయ్య.

"మనోళ్ళు గెలిచిన చోటు. అన్నీ కొండలే."

"కొండల పేరా? అయితే మంచిదేలే."

గుమ్మం బయటి ముసలాయన మాత్రం కొడుకు కోసం కూడా ఆగకుండా మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు. ఆమె అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. ఆ పేరు పెట్టినందుకు, సెంటరు తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరు మేడం మెచ్చుకుంటే వారం రోజులు పొంగిపోయింది. తర్వాత యుద్ధం సంగతి జనం మరిచిపోయారు. పిల్లవాడికి పేరు మిగిలింది. బడిలో, ఆధార్‌లో, రేషన్ కార్డులో అన్నిచోట్లా ఆమె రాసిన పుస్తకం చూసే ఎక్కించారు.

కూతురు అడిగిన మర్నాడు, సెంటరులో పిల్లలు అన్నాలు తిని పడుకున్నాక, మల్లేశ్వరమ్మ బీరువాలోంచి పాత సర్వే రిజిస్టర్లు తీసింది. తొంభై రెండు నుంచీ ఉన్నాయి. కొన్నిటి అంచులు చెదలు తినేశాయి. ఆమె మగపిల్లల పేర్లే వరసగా చూసుకుంటూ పోయింది. ఒక నాలుగేళ్ళు ఎటు చూసినా రమేష్, సురేష్, రాజేష్. ఆ తర్వాత ప్రతి పేరు ముందూ సాయి. ఆపైన ఆ ఏడాది ఆడిన సినిమాల్లోని పేర్లు. ఇటీవలి పేజీల్లో ఆమెకే అర్థం తెలియని పేర్లు. చాలావరకు తాను పెట్టినవే. ఆ రోజుల్లో ఒక్కో పేరు రాస్తుంటే ఎంత కొత్తగా అనిపించిందో ఆమెకు గుర్తుంది. అవన్నీ ఒకచోట చూస్తుంటే, సంత ముగిశాక మిగిలిన సరుకులా కనిపించాయి.

ఒక్క పేరు మాత్రం అడపాదడపా వస్తూనే ఉంది. మొదటి రిజిస్టరులో ఈశ్వరయ్య. తర్వాత ఈశ్వరరావు. మధ్యలో సాయి ఈశ్వర్. పోయినేడాది ఈశ్వర్ తేజ. ఏ పుస్తకంలోనూ గుంపుగా లేదు, ఏ పుస్తకంలోనూ లేకుండా పోలేదు. కాలాన్ని బట్టి తోక మారింది గానీ తల మారలేదు. ఆమె ఆ పేరు దగ్గర వేలు పెట్టి కాసేపు ఆలోచిస్తుండగానే బయట మనుషుల అలికిడయింది.

వచ్చింది కార్గిలే. ఇప్పుడతనికి ఇరవై ఆరేళ్ళు. ఫారెస్టువాళ్ళ బేస్ క్యాంపులో వాచరుగా చేస్తున్నాడు, ఖాకీ చొక్కా వేసుకునే వచ్చాడు. వెంట భార్య లక్ష్మి, ఆమె చంకలో మూడు నెలల కొడుకు.

"టీచరమ్మా, బిడ్డకు పేరు రాయించాల. గ్రామ సచివాలయంలో అడుగుతున్నారు" అన్నాడు.

మల్లేశ్వరమ్మ చాప చూపించి కూర్చోమంది. కొత్త రిజిస్టరు తీసింది గానీ కలం మూత తీయలేదు.

"ఏం పేరు అనుకుంటున్నారు?"

"ఈదన్న" అన్నాడతను.

లక్ష్మి చప్పున అడ్డుపడింది. "నువ్వన్నా చెప్పు టీచరమ్మా. ఈ కాలంలో ఈదన్న ఏంది? రేపు బళ్ళో పిల్లలు నవ్వరా?"

ఇరవై ఆరేళ్ళ కిందట తాను అన్న మాటే, ఇంచుమించు అవే ముక్కల్లో. మల్లేశ్వరమ్మ అతనివైపు తిరిగి అడిగింది.

"నాయనా, నీ పేరు నేను పెట్టిందే. ఆ పేరుతో నువ్వు ఇబ్బంది పడినావా?"

అతను నవ్వాడు. "ఇబ్బందంటే ఏముంది? క్యాంపుకు ఏ కొత్త ఆఫీసరు వచ్చినా, పేరు చెప్పంగానే తొంభై తొమ్మిదిలో పుట్టినావా అంటాడు. పెళ్ళిచూపుల్లో మా మామ కూడా ఎవరినీ అడగకుండా నా వయసు లెక్కేసినాడు."

"తిట్టుకున్నావా నన్ను?"

"ఎందుకు తిట్టుకుంటా? ఇంట్లో నన్ను ఆ పేరుతో ఎవరు పిలిచినారు గనక? మా తాత బతికినన్నాళ్ళూ నన్ను ఈదన్నా అనే పిలిచినాడు. పుస్తకంలో టీచరమ్మ రాసుకుంది, నోట్లో మనం పెట్టుకుందాం అనేవాడు. గూడెం అంతా అట్లనే పిలుస్తారు." కొడుకువైపు చూసి, "రెండు పేర్లు మోసినా గదా, వీడికి ఒకటే ఉంటే బాగుంటదని" అన్నాడు.

ఆ ముసలాయన గుమ్మం దగ్గర్నుంచి నడిచిపోవడం మల్లేశ్వరమ్మకు మళ్ళీ కళ్ళకు కట్టింది. అలిగి పోయాడేమోనని, నిన్నటి నుంచి రేణుక మాట తలచుకున్నప్పుడల్లా ఆమె నొచ్చుకుంటూనే ఉంది. ఆయన అలగలేదు. ఇంటికి పోయి, తన పని తాను చేసుకున్నాడు.

"తప్పు నాది నాయనా" అంది. "మీ తాతను ఒక్క మాట అడిగుండాల్సింది. అడగలేదు."

అతను కొడుకు కాళ్ళు సవరించాడు. మల్లేశ్వరమ్మ లక్ష్మివైపు తిరిగింది.

"నవ్వుతారమ్మా, అబద్ధం చెప్పను. ఒక వారం నవ్వుతారు. తర్వాత వీడు వాళ్ళతో ఆడుకుంటాడు, కొట్లాడతాడు, ఆ పేరు వీడిదైపోతుంది. అయినా తల్లివి నువ్వు. నీకు ఇష్టం లేకపోతే నేను రాయను. ఒకసారి రాసి తప్పు చేసినా, రెండోసారి ఎవరి మీదా రుద్దను."

లక్ష్మి బిడ్డను ఎత్తి మొహానికి ఎదురుగా పట్టుకుంది. "ఈదన్నా" అని మెల్లగా పిలిచి చూసింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచేటప్పటికి ఆమె గొంతులో బింకం పోయి ముద్దు వచ్చింది.

"రాయి టీచరమ్మా" అంది.

మల్లేశ్వరమ్మ రాసింది. ఫోనులో ఎక్కించేటప్పుడు న ఒత్తు పడకపోతే చెరిపి మళ్ళీ కొట్టింది.

ఆ సాయంత్రం ఇల్లు చేరి కాళ్ళు కడుక్కోగానే రేణుక పక్కన కూర్చుని "ఈశ్వర్" అంది.

రేణుక బిడ్డవైపు చూసింది. "అంతేనా? మరీ మామూలుగా లేదూ?"

"మామూలుగానే ఉంది. నేను ముప్పై మూడేళ్ళలో గొప్పగా ఉండాలని పెట్టిన పేర్లన్నీ ఈ పూట చూసినా. మామూలుగా ఉన్నవే నిలబడినాయి. నేను చెప్పినానని పెట్టొద్దు. ఆ ఫోను పక్కనబెట్టి రెండు రోజులు వాడిని పిలుచుకో. నోటికి అంటుకుంటే సరే, లేకుంటే ఇంకోటి చూద్దాం."

మర్నాడు పొద్దున బిడ్డకు నీళ్ళు పోస్తూ మల్లేశ్వరమ్మ వింటూనే ఉంది. గదిలోంచి కూతురు, "వాడు ఏడుస్తున్నాడు, నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమో చూడమ్మా" అంది. మధ్యాహ్నం పాలిస్తూ "ఒరే ఈశ్వరా, కొరకొద్దురా" అంది. ఆ పూటంతా ఆమె నోట వేరే పేరు రాలేదు. రాత్రి భర్తకు ఫోను చేసి తానే చెప్పింది.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, శివనాగరాజు ఉంగరంతో ఆ మూడక్షరాలూ రాశాడు. అతని తల్లి వెంకటలక్ష్మమ్మ వంగి చూసి, "ఇంతేనా? వెనకాల ఇంకేం లేదా?" అని అడిగింది.

"లేదత్తా. ఇంకేమన్నా కావాలంటే పెద్దయినాక వాడే తగిలించుకుంటాడు" అంది రేణుక.

వెంకటలక్ష్మమ్మకు అది అంతగా నచ్చినట్టు లేదు. అయినా మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుని, చెవి దగ్గర నోరు పెట్టి ఆ పేరే మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి ఎవరూ చెప్పమనకుండానే, కాస్త గట్టిగా చెప్పింది.