మూడు సొట్టల కేరేజీ

నెలలో రెండో ఆదివారం వచ్చిందంటే దోర్కా చేతులకి ముందే తెలిసిపోతుంది. పొద్దున్న చర్చి నుంచి రాగానే సుందర్ రాజుకి అన్నం పెట్టి, అల్లం దంచి చిన్న డబ్బాలో వేసుకుంటుంది. మూడింటికి టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కి మథురాకాటి పేటకి వెళ్తుంది. అక్కడ, బెంగాల్లోని ఆ రైల్వే ఊళ్లో స్థిరపడిన తెలుగువాళ్ల పాత గ్రంథాలయంలో, బీరువాల వెనకున్న పొడుగాటి గదిలో, కథలూ కవితలూ రాసుకునేవాళ్లు పదీ పన్నెండు మంది చేరతారు. దోర్కా వాళ్లకి టీ పెడుతుంది.

ఆ పని ఆవిడకి ఎవరూ అప్పగించలేదు. ముప్ఫై అయిదేళ్లు ఆస్పత్రిలో ఆయాగా తిరిగిన కాళ్లు ఊరికే కూర్చోలేక మొదటిరోజే స్టవ్వు దగ్గరికి నడిచాయి. అప్పటికీ ఇప్పటికీ ఏడాదయింది.

"ఏం పిన్నీ, మీరేమీ రాయరా?" అని కళ్యాణి అడిగేది. కళ్యాణి ఆ గదిలో అందరికన్నా చిన్నది, ప్రైవేటు బడిలో లెక్కల టీచరు.

"నానేటి రాస్తానమ్మా! మీరు రాసింది వింటే సాలదా?" అని దోర్కా నవ్వేసేది.

అది అబద్ధం. ఇంట్లో కుట్టుమిషను సొరుగులో, పాత రవికగుడ్డల కింద, ఆవిడ రాసిన నోటుపుస్తకాలు పద్నాలుగు ఉన్నాయి. అన్నీ తెలుగు మాటలే. అన్నీ బెంగాలీ అక్షరాల్లోనే.

దోర్కా చిన్నప్పుడు తెలుగు బడి పట్టాలకి అవతల ఉండేది. ఇవతల, వాళ్ల వరస క్వార్టర్లని ఆనుకుని బెంగాలీ బడి. పిల్ల పట్టాలు దాటడం తల్లి అన్నమ్మకి ఇష్టం లేదు. అలా అక్షరాలు బెంగాలీలో వచ్చాయి, మాటలు తెలుగులో ఉండిపోయాయి. చర్చిలో తెలుగు పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, అందరూ పేజీ తిప్పినప్పుడు తనూ తిప్పుతూ, కంఠతా వచ్చిన పాట పాడేది. ఇన్నేళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు, పక్కన నిలబడి పాడే సుందర్ రాజు తప్ప.

రాయాలనిపించినప్పుడు చెయ్యి తనకు తెలిసిన దారినే పోయింది. తలకట్టు గీతకి వేలాడే ఆ అక్షరాలు తాడు మీద ఆరేసిన బట్టల్లా ఉండేవి. వాటిలోంచి వాళ్లవాళ్లు వదిలొచ్చిన భీమిలి గాలి వీచేది. బెంగాలీ రాతలో 'వ'కీ 'ళ'కీ చోటు లేదు. వాటికి ఆవిడే గుర్తులు పెట్టుకుంది, ఒకదానికి చుక్క, ఒకదానికి కొక్కెం. ఆ గుర్తులు తెలిసిన మనిషి లోకంలో ఒక్కర్తే.

అయినా ఆవిడ నోరు విప్పకపోవడానికి ఆ గదిలోని పద్ధతి కూడా ఒక కారణం. అది జగ్గారావు పెట్టిన పద్ధతి. డెబ్బై అయిదేళ్ల జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. "బోల్టు బిగించినోడు పరీక్ష సెయ్యకూడదు" అనేవాడు. "బిగించినోడి సేతికి అదెప్పుడూ గట్టిగానే ఉంటాది. పక్కోడి సుత్తికి తెలుస్తాది డొల్లో కాదో." అందుకని అక్కడ ఎవరి రచన వాళ్లు చదవరు. కాగితం పక్కవాళ్లకి ఇవ్వాలి. వాళ్లు పైకి చదవాలి. రాసినవాళ్లు నోరు మూసుకుని వినాలి. బాగుందని అందరూ అంటే జగ్గారావు జేబులోంచి చాక్‌పీసు తీసి, ఆ కాగితం మీద టిక్కు పెడతాడు. లేదంటే ఇంటూ గుర్తు. ఇంటూ అంటే షాపుకి వాపసు, మళ్లీ పని చెయ్యాలి.

దోర్కా తన నోటుపుస్తకం పక్కవాళ్లకి ఎలా ఇస్తుంది? తెలుగు రాయడం రాని మనిషికి తెలుగు రచయితల మధ్య ఏం పని అని ఒక్కరు అన్నా చాలు, ఆ రెండో ఆదివారాలు ఆరిపోతాయి. అందుకని టీ పెట్టేది. పకోడీలు పంచేది. ఆ పకోడీలు జగ్గారావు ఇంటి నుంచి వచ్చేవి; వాళ్లావిడ అప్పలనర్సమ్మ వేసి పాత ఇత్తడి కేరేజీలో పంపేది. ఆ కేరేజీ రెండో గిన్నెకి మూడు సొట్టలున్నాయి. కడిగేటప్పుడు దోర్కా వేళ్లు ఆ సొట్టల దగ్గర కాసేపు ఆగేవి.

పోయిన నెల అక్కడే చిక్కొచ్చిపడింది.

ఈసారి అందరూ కలిసి ఒక పుస్తకం వెయ్యాలనుకున్నారు. పన్నెండు రచనలు. వాటిలో రెంటిని శీతాకాలంలో విజయనగరంలో జరగబోయే సభలో చదవచ్చు కూడా. జగ్గారావు కూడా ఒకటి రాసి తెచ్చాడు, పేరు 'ఒక పొరపాటు'. కళ్యాణి చదివింది. పోయినేడు కాలం చేసిన తన స్నేహితుడు సిరిల్ గురించి రాశాడు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ రైల్వే వాళ్ల నాటకంలో ఒకే వేషం కోసం పోట్లాడుకున్నారు. నాలుగు నెలలు మాటల్లేవు. ఒకే వ్యాగనుకి అటొకడూ ఇటొకడూ పనిచేస్తూ కూడా పలకరింపు లేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల సైరన్ మోగింది. జగ్గారావు తనకందిన కేరేజీ విప్పితే అందులో ఎండు నెత్తళ్ల చేపలూ వంకాయా. అవతల సిరిల్ ముందు గోంగూరా పెరుగన్నమూ. కేరేజీలు తెచ్చే అన్నమ్మత్త చదువు లేని మనిషి, గేటు దగ్గర తారుమారు చేసేసింది. ఆకలికి ఓర్చుకోలేక ఇద్దరూ ఒకరిని ఒకరు వెతుక్కుంటూ వెళ్లి, ఒకే ఇరుసు మీద కూర్చుని రెండు కేరేజీలూ కలిపి తిన్నారు. చచ్చేదాకా విడిపోలేదు. 'ఆ నిరక్షరాస్యురాలి పొరపాటుకి నా దండం' అని ముగించాడు.

గది చప్పట్లతో నిండిపోయింది. దోర్కా చేతిలో కేరేజీ మూత జారి నేల మీద గుండ్రంగా తిరిగింది.

అన్నమ్మ ఆవిడ తల్లి.

ఇరవై రెండిళ్ల కేరేజీలు తోపుడుబండికి ఇంటికో కొక్కెం చొప్పున తగిలించుకుని, పన్నెండేళ్లు వర్క్‌షాపు గేటుకి నడిచిన మనిషి. వెనకనుంచి బండి తోసేది పదేళ్ల దోర్కా; ఆ పిల్లే ఈ దోర్కా అని జగ్గారావుకి తెలియదు. పేర్లు చదవలేని అన్నమ్మకి ప్రతి కేరేజీ ఒక ముఖం. ఇది మూడు సొట్టలది, ఇది పిడి వంకరది, ఇది మూత దగ్గర మెంతి వాసన వచ్చేది. కళ్లు మూసి చేతికిచ్చినా ఫలానా ఇంటిదని చెప్పేది. ఆ తల్లి ఇప్పుడు అచ్చులో, పొరపాటు చేసిన మనిషిగా నిలిచిపోబోతోంది.

ఇంటికెళ్లాక దోర్కా అన్నం ముట్టలేదు. సుందర్ రాజు కంచం ఆవిడ వైపు జరిపాడు.

"ఏటయిందే?"

"మా యమ్మ తప్పు సెయ్యనేదండి. అక్కడున్నోల్లలో నాకొక్కదానికే తెలుసు."

"అయితే సెప్పు."

"సెప్తే గాలికి పోతాది. ఆయనది పుస్తకంలో ఉంటాది."

సుందర్ రాజు లేచి, కుట్టుమిషను సొరుగు లాగి, ఖాళీగా మిగిలిన నల్ల అట్ట నోటుపుస్తకం తెచ్చి కంచం పక్కన పెట్టాడు. "నీ కాడ పద్నాలుగున్నాయి. ఇది పదిహేనోది. రాసి పట్టుకెల్లు."

"ఎవులు సదూతారు? నవ్వుతారు."

"సర్చిలో నువ్వు పుస్తకం తలకిందులుగా పట్టుకున్న రోజు నాను నవ్వినానేటి?"

"నవ్వినారు! పాస్టరు గారు కూడా తిరిగి సూసినారు!"

"ఆఁ, మరి సచ్చిపోనేదు కదా నువ్వు. ఠీక్ హై, అన్నం తిను."

నెలంతా రాసింది. గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతూ ఒక వాక్యం, బియ్యం ఏరుతూ ఒక వాక్యం. మధ్యలో రెండుసార్లు చింపేసింది. మొదటిసారి కోపం ఎక్కువైంది, రెండోసారి ఏడుపు. మూడోసారి తల్లి నడకే వాక్యాల్లోకి వచ్చింది. బరువు మోస్తున్నా తొణకని నడక.

రెండో ఆదివారం వచ్చింది. టీ పంచడం అయ్యాక దోర్కా స్టవ్వు దగ్గరికి తిరిగి వెళ్లలేదు. చీర చెంగుకి చేతులు తుడుచుకుని, సంచీలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి, పక్కనే ఉన్న కళ్యాణి ఒళ్లో పెట్టింది. కళ్యాణి తెరిచి చూసి తలెత్తింది.

"పిన్నీ, ఇది బెంగాలీ కదా?"

గదంతా ఇటు తిరిగింది. దోర్కాకి చెవుల్లో రైలు పోతున్నట్టుంది.

"అచ్చరాలే అమ్మా. మాట మనదే. నాకు తెలుగు రాత రాదు. ఏడాదై మీకు సెప్పనేదు. వద్దంటే తీసుకెలిపోతాను."

జగ్గారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వ్యాగనుకి ఏ రంగేస్తే ఏటమ్మా? లోన సరుకు సూడాలి గానీ. కళ్యాణీ, నువ్వు సదువుకున్నది బెంగాలీ బడిలోనే కదేటి? ఊఁ, కానీ."

కళ్యాణి మొదలుపెట్టింది. ముందు తడబడింది. చుక్కలూ కొక్కేలూ తెలియక 'వంకాయ'ని 'బంకాయ' అని చదివితే అందరూ గొల్లుమన్నారు. దోర్కా కూడా నవ్వి, ఉండబట్టలేక "చుక్కుంటే వ అనమ్మా" అంది. "రాసినోళ్లు మాటాడకూడదు!" అన్నాడు జగ్గారావు. అరపేజీ అయ్యేసరికి కళ్యాణి నాలుక దారి పట్టింది. ఆ అమ్మాయి చల్లని గొంతులో తోపుడుబండి చక్రాలు కదిలాయి. ఇరవై రెండు కేరేజీల వాసనలు ఎండలోకి లేచాయి. తర్వాత ఆ రోజు వచ్చింది.

'గేటు కాడికి వచ్చేముందు అమ్మ బండి ఆపింది. మూడు సొట్టల కేరేజీ తీసి సిరిల్ మావ కొక్కేనికి తగిలించింది. వంకర పిడిది తీసి జగ్గారావు మావ కొక్కేనికి తగిలించింది. అమ్మా, అది అతనిది కాదు అన్నాను. తెలుసు, నోర్మూసుకుని తొయ్యి అంది. ఎందుకమ్మా అన్నాను. ఆళ్లిద్దరూ కేరేజీ అందుకునేటప్పుడు ఒకడు తూరుపూ ఒకడు పడమరా సూస్తన్నారే, నాలుగు నెలలై సూస్తన్నాను, ఒకే వ్యాగను కింద దూరే మనుషులు మాటాడుకోపోతే ఏ రోజో ఒకడి మీద ఇనుము పడతాది అంది. సాయంత్రం జగ్గారావు మావ వచ్చి, కళ్లు కనపడవా అత్తా అని కేకలేశాడు. సదువు లేనిదాన్ని నాయనా, తప్పయిపోయింది అని అమ్మ చేతులు జోడించింది. ఆ తప్పు విని వేరే రెండిళ్లవాళ్లు ఆ మర్నాటి నుంచి కేరేజీలు మానేశారు. ఖాళీ కొక్కేలు రెండూ దారంతా చప్పుడు చేశాయి.'

కళ్యాణి ఆగింది. బయట ఎక్కడో షంటింగ్ ఇంజను రెండు పెట్టెల్ని మెల్లగా కలిపిన చప్పుడు వినబడింది.

జగ్గారావు లేచి బల్ల మీదున్న కేరేజీ దగ్గరికి వెళ్లాడు. పకోడీలు పక్కకి తీసి, రెండో గిన్నెని చేతుల్లోకి తీసుకుని, ఆ మూడు సొట్టల మీద బొటనవేలు రాశాడు.

"యాభై ఏళ్లు!" అన్నాడు. "ఆయమ్మని కేకలేసినాను దోర్కమ్మా. నిజమే, కేకలేసినాను. అంత మందిలో సేతులు జోడించింది. మరి తర్వాతైనా ఎందుకు సెప్పనేదు నువ్వు? సిరిల్ గాడు బతికున్నప్పుడు?"

"అమ్మ ఒట్టేయించింది మావా." ఏడాదిగా గారూ బాబూ అంటున్న దోర్కా నోట చిన్నప్పటి పిలుపు దానంతటదే వచ్చేసింది. "మొగోళ్లకి మనమే కలిపినామని తెలిస్తే, పౌరుసానికి మల్లీ ఇడిపోతారని సెప్పింది."

జగ్గారావే ముందు నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. "ఇడిపోయేటోళ్లమే! సిరిల్ గాడైతే ఆ పూటే!"

నవ్వులు తగ్గాక జేబులోంచి చాక్‌పీసు తీశాడు. టైపు చేయించి తెచ్చిన తన 'ఒక పొరపాటు' కాగితాలు బల్ల మీద పరిచి, పై నుంచి కింది దాకా పెద్ద ఇంటూ కొట్టాడు. "వాపసు. పేరుతో సహా మల్లీ రాస్తాను." తర్వాత దోర్కా పుస్తకాన్ని మూసి, నల్ల అట్ట మీద టిక్కు పెట్టాడు. చాక్‌పీసు సగానికి విరిగేంత గట్టిగా పెట్టాడు.

వచ్చే వారం నుంచి కళ్యాణి దోర్కా ఇంటికి వస్తుంది. దోర్కా పక్కన కూర్చుంటే ఆ అమ్మాయి తెలుగు రాతలోకి దింపుతుంది. మిగతా పద్నాలుగు కూడా. అచ్చయ్యే పుస్తకంలో ఆవిడ రచన మొదటి పేజీ మాత్రం దోర్కా చేతిరాతతో ఉన్నదున్నట్టే వెయ్యాలని అందరూ అన్నారు. ఇక రెండో విడత టీ జగ్గారావు పెట్టాడు. చక్కెర మరిచిపోయాడు. ఎవరూ చెప్పలేదు. దోర్కా కుర్చీలో వెనక్కి ఆనుకుని, ఆ చప్పటి టీ చివరిదాకా తాగింది.

తిరుగు టోటోలో, గుంటల దారిలో పుస్తకం జారకుండా గుండెకి అదిమి పట్టుకుంది. ఎండ పల్చబడి, రేకుల కప్పుల మీద తేనెలా కారుతోంది. గుమ్మంలో సుందర్ రాజు నిలబడి ఉన్నాడు.

"ఏటీ, పాసయినావా?"

దోర్కా పుస్తకం ముందుకి చాపింది. అట్ట మీద టిక్కు చెరిగిపోయి మసకగా ఉంది. సుందర్ రాజు దాన్ని చూసి, ఆవిడ వైపు చూసి, వేలు చూపించాడు. నీలం చీర మీద, సరిగ్గా గుండె దగ్గర, తెల్లటి చాక్‌పీసు గుర్తు అచ్చుపడి ఉంది.

"నాను కాదండి," అంది దోర్కా, దాన్ని దులపకుండా. "మా యమ్మ."